పాత షికారు తుపాకీ బయటపడితే అది ఎవరిది?

బొబ్బిలికీ రాజాంకీ మధ్య ఒక ఊళ్లో పాత దివాణం మేడ కూలగొడుతున్నారనుకుందాం. గోడలో ఇటుకలతో మూసేసిన గూట్లోంచి, నూనెగుడ్డల్లో చుట్టిన డబుల్ బ్యారెల్ తుపాకీ బయటపడింది. ఆ చుట్టుపక్కల పేరున్న తుపాకీ అది. పశువుల్నీ మనుషుల్నీ పట్టిన చిరుతను దాంతోనే కొట్టారని ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. 1968 ప్రాంతంలో మాయమైంది, మళ్లీ ఎవరి కంటా పడలేదు. ఫోటో వాట్సాప్‌లో తిరిగిందో లేదో హక్కుదారులు ఒక్కొక్కరే బయటికొచ్చారు. జమీందారు మనవలు వచ్చారు. వాళ్ల మేనత్త పిల్లలు వచ్చారు. మేడ కొన్నాయన, గోడ పగలగొట్టిన కూలీ ఎవరికి వాళ్లు తమదేనన్నారు. ఆ తుపాకీని దొర తన తాతకే ఇచ్చేశాడంటూ కొండదాపు ఊరి నుంచి ఒక షికారీ మనవడు వచ్చాడు. వీళ్లందరికంటే ముందు స్టేషన్ నుంచి ఎస్సై వచ్చాడు.

ఇది నేను కల్పించిన ఉదాహరణే. కానీ ఇందులోని ప్రతి చిక్కూ కళింగాంధ్రలో నిజంగా పుట్టగలిగిందే. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, మందస, తర్ల, ఉర్లాం ఇలా ఎస్టేట్లు పక్కపక్కనే ఉన్న నేల ఇది. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టు కెప్టెన్, విజయనగరం మహారాజకుమార్ విజ్జీకి పులివేటగాడిగా కూడా పెద్ద పేరే. చిన్న దివాణాల్లో సైతం ఒకటో రెండో సీమ తుపాకులుండేవి. అవన్నీ ఎటు పోయాయన్నదానికి ఇవాళ లెక్కాపత్రం దొరకడం కష్టం.

ఇలాంటి గొడవల్లో జనం మొదట్లోనే రెండు ప్రశ్నల్ని కలిపేస్తారు. తుపాకీ ఎవరి సొత్తు అన్నది ఒకటి. అది ఎవరి దగ్గర ఉండొచ్చు అన్నది ఇంకొకటి. మొదటిది సివిల్ కోర్టు తేల్చాలి. రెండోది ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఇచ్చే అధికారి చేతిలో ఉంటుంది. లైసెన్సు ఉన్నంత మాత్రాన తుపాకీ సొంతమైపోదు. సొంతదారుడైనా లైసెన్సు లేకుండా ఇంట్లో పెట్టుకోవడానికి వీల్లేదు. ‘మా తాత పేర లైసెన్సుంది కాబట్టి మాదే’ అనేవాళ్లూ, ‘మీకు లైసెన్సు లేదు కాబట్టి మీది కాదు’ అని కొట్టిపారేసేవాళ్లూ చేసే పొరపాటు ఒకటే.

సులువుగా తేలేది రెండోదే కాబట్టి దాన్ని ముందు చూద్దాం. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకుంటే, 2019 సవరణ తర్వాత, రెండేళ్లకు తగ్గకుండా ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. అందుకే దొరికినవాడు చేయాల్సిన మొదటి పని పోలీసులకు చెప్పడం. దాన్ని తుడిచి ఫోటోలు దిగడం కాదు, తూటా పెట్టి చూడటం అసలే కాదు. నల్ల తుపాకీమందు వాడిన కాలం నాటి, ఇనుప పట్టీలు చుట్టి అతికించి చేసిన డమాస్కస్ గొట్టాల్లో ఇప్పటి తూటా పేలిస్తే గొట్టం చిట్లి చేతులు పోయే ప్రమాదముంది. పని చేయని పాత తుపాకీకి చట్టం వర్తించదులే అన్న ధీమా కూడా వద్దు. 45వ సెక్షన్ మినహాయింపు ఇచ్చేది మరమ్మతు చేసినా, చేయకపోయినా పేలే అవకాశం లేని ఆయుధానికే. నూనెగుడ్డల్లో భద్రంగా ఉన్న పన్నెండు బోరు తుపాకీ చాలావరకు ఆ కోవలోకి రాదు.

పోలీసులు మధ్యవర్తుల రిపోర్టు (పంచనామా) రాసి స్వాధీనం చేసుకుంటారు. అప్పటినుంచి తుపాకీ స్టేషన్ మాల్‌ఖానాలోనో కోర్టు ప్రాపర్టీ గదిలోనో ఉంటుంది. ‘ప్రభుత్వం లాగేసుకుంది’ అని చాలా కుటుంబాలు ఇక్కడే ఆశ వదిలేసుకుంటాయి. స్వాధీనం చేసుకుంటే యాజమాన్యం మారిపోదు. విచారణ సాగుతుండగా మెజిస్ట్రేటు ఆ వస్తువును ఎవరికైనా అప్పగించినా అది తాత్కాలిక కస్టడీయే. పాత నేర విచారణ స్మృతిలో 451, 457 సెక్షన్లుగా ఉన్నవి 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 497, 503 అయ్యాయి, సూత్రం మాత్రం మారలేదు. కాకపోతే గడువుతో జాగ్రత్తగా ఉండాలి. సొంతదారుడు తెలియని సొత్తు గురించి కోర్టు ప్రకటన ఇస్తే ఆరు నెలల్లోగా వచ్చి హక్కు చెప్పుకోవాలి. ఎవరూ రాకపోతే అది ప్రభుత్వపరం కావచ్చు.

ఇక అసలు ముడికి వద్దాం. తుపాకీ ఎవరిదో చెప్పాలంటే అది 1968లో ఎలా పోయిందో తెలియాలి. ఆ ఊళ్లో మూడు కథలు నడుస్తున్నాయనుకోండి. ఏ కథ నిజమైతే తీర్పు దాన్నిబట్టి మారుతుంది.

మొదటి కథ: దాడిలో పోయింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక పార్వతీపురం ఏజెన్సీ ఉడికిపోయింది. మరుసటి ఏడాది నవంబరు నుంచి, శ్రీకాకుళ గిరిజన సాయుధ పోరాటంలో భాగంగా, భూస్వాముల ఇళ్ల మీద దాడులు మొదలయ్యాయి. ధాన్యం, అప్పు పత్రాలతో పాటు తుపాకులూ పోయాయి. తుపాకీ అలా పోయిందని రుజువైతే, అది ఎన్ని చేతులు మారినా అసలు సొంతదారుడి హక్కు పోదు. 1930 వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ చెప్పేది అదే: అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదు. మంచి ధర పెట్టి, మంచి మనసుతో, రసీదు తీసుకుని కొన్నా సరే. అయితే తర్వాతి రోజుల్లో పోలీసులు దాన్ని పట్టుకుని, కోర్టు జప్తు చేసి, ప్రభుత్వం అమ్మేసి ఉంటే కథ వేరు. ఆ ఉత్తర్వు కాగితం చూపించగలిగినవాడిదే పైచేయి అవుతుంది.

రెండో కథ: దాడుల భయంతో దివాణం వాళ్లే ఎవరికో దాచమని ఇచ్చారు, లేదా గోడలో పెట్టి మూయించారు. అప్పుడది పోయిన వస్తువు కాదు, దాచిన వస్తువు. మేడ అమ్మేటప్పుడు దస్తావేజులో ఇల్లు, పెరడు, బావి, చెట్లు అని రాసుకుంటారే తప్ప గోడలోపల ఉన్న, అమ్మినవాడికే తెలియని తుపాకీని ఎవరూ రాయరు. కాబట్టి మేడ కొన్నాయన వాదన మొదట్లో గట్టిగా వినిపించినా అసలు సొంతదారుడి ముందు నిలబడటం కష్టం. కూలీ పరిస్థితీ అంతే. 1872 కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం దొరికిన వస్తువును దగ్గర పెట్టుకున్నవాడు దానికి కాపలాదారు మాత్రమే.

వీళ్లిద్దరికీ ఉపయోగపడే అవకాశమున్నది 1878 నాటి నిక్షేపాల చట్టం. భూమిలో గానీ, భూమికి అతుక్కుని ఉన్నదానిలో గానీ దాచిన విలువైన ఏ వస్తువైనా దాని కింద నిక్షేపమే. అందులో గోడ కూడా వస్తుంది. దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. సొంతదారు లేదని తేలితే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు, దొరికించుకున్నవాడికి నాలుగింట మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు వస్తుంది. కానీ నూరేళ్ల లోపు దాచినదని అనిపించి, దాచినవాళ్ల వారసులు ముందుకొస్తే, కలెక్టరు తన విచారణ ఆపి సివిల్ కోర్టుకు వెళ్లడానికి వాళ్లకు వ్యవధి ఇవ్వాలి. 1968లో దాచిన తుపాకీ విషయంలో జరిగేది ఇదే. అయినా గోడ పగలగొట్టిన ఆ కూలీ పేరు రికార్డులోకి ఎక్కాలని నేను గట్టిగా అంటాను. ఎక్కడ, ఏ స్థితిలో, ఏ గుడ్డలో దొరికిందో కళ్లారా చూసిన మొదటి సాక్షి అతనే. మధ్యవర్తుల రిపోర్టులో అతని మాట లేకపోతే రెండో కథకు ఆధారమే ఉండదు.

మూడో కథ దగ్గరే నాకు ఎక్కువ పట్టింపు. తుపాకీని షికారీకి ఇచ్చేశారన్నది ఆ కథ. జమీందారీ వేటల ఫోటోల్లో దొరలుంటారు, దొరల అతిథులుంటారు, చచ్చిన పులి ఉంటుంది. అడుగుజాడ పట్టినవాడు, మంచె కట్టినవాడు, డప్పులతో మృగాన్ని తోలుకొచ్చిన సవర, జాతాపు ఊళ్లవాళ్లు అంచున నిలబడి ఉంటారు, కింద వాళ్ల పేర్లుండవు. గాయపడి పొదలో దూరిన చిరుత దగ్గరికి నడిచి వెళ్లింది చాలాసార్లు వాళ్లే. అలాంటివాడికి దొర సంతోషించి తుపాకీ ఇచ్చాడంటే నమ్మడానికి కష్టమేమీ లేదు. కానీ వారసులు అడిగే మొదటి ప్రశ్న ‘కాగితం ఏది?’

చట్టం అన్నిచోట్లా కాగితం అడగదు. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం భూమి దానమిస్తే రిజిస్టరు పత్రం తప్పదు గానీ, చరాస్తిని చేతికి అందించినా దానం చెల్లుతుంది. ఇచ్చానన్న మాట, పుచ్చుకున్న చెయ్యి, సాక్షులు ఉంటే చాలు. తుపాకీ కావడం వల్ల ఒక మెలిక ఉంది. 1962 తర్వాత సొంత తుపాకీని ఇంకొకరికి ఇవ్వాలంటే జిల్లా మెజిస్ట్రేటుకో దగ్గరి స్టేషన్‌కో ముందుగా రాసివ్వాలి. పుచ్చుకునేవాడికి లైసెన్సుండాలి. షికారీకి అది లేకపోతే దానం నేరంతో ముడిపడింది కాబట్టి చెల్లదని వారసులు వాదిస్తారు. ఆ వాదనకు బలముంది. కానీ 1962కు ముందే ఇచ్చి ఉంటే ఆనాటి చట్టాన్ని చూడాలి, దొర లైసెన్సులో షికారీ పేరు సహాయకుడిగా రాసి ఉందేమో చూడాలి. ఇచ్చేశాడా, వేట సీజనుకు వాడుకోమన్నాడా అన్నది వేరు ప్రశ్న. వాడుకోమంటే అది అప్పగింత మాత్రమే. ఇంకో చిక్కు కూడా ఉంది: షికారీకి ఇచ్చేసిన తుపాకీ తిరిగి దివాణం గోడలోకి ఎలా వచ్చిందో ఆ కుటుంబం చెప్పగలగాలి. ఏజెన్సీలో గాలింపులు సాగుతున్నప్పుడు తుపాకీతో దొరికితే ప్రాణానికే ముప్పని తాత భయపడి దొర ఇంట్లోనే దాచిపెట్టమన్నాడని వాళ్లంటే, ఆ రోజులు తెలిసినవాళ్లెవరూ తేలిగ్గా కొట్టిపారేయలేరు.

సరే, దానం రుజువు కాలేదు, దివాణానిదే అని తేలిందనుకుందాం. దివాణంలో ఎవరిది? పెద్ద కొడుకు వంశం ‘ఎస్టేటు అవిభాజ్యం, గద్దె ఎక్కినవాడిదే అంతా’ అంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1904 నాటి అవిభాజ్య ఎస్టేట్ల చట్టం ఉన్న మాట నిజమే. కానీ తుపాకీ ఎస్టేటులో భాగమా అన్నది ముందు తేలాలి. 1932లో, అప్పట్లో మన కేసులకు చివరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రీవీ కౌన్సిల్, ఝరియా రాజ్ కేసులో ఈ విషయం చూసింది. అవిభాజ్య ఎస్టేటు ఆదాయం హోల్డరు సొంత సొమ్మేనంది, ఆ సొమ్ముతో కూడబెట్టిన చరాస్తులు కుటుంబాచారం రుజువు కానిదే ఎస్టేటులో కలిసిపోవన్నట్టు తేల్చింది. దొర తన డబ్బుతో తెప్పించుకున్న తుపాకీ కాబట్టి అది అతని స్వార్జితం. 1948 చట్టంతో జమీందారీలు రద్దయినప్పుడు ప్రభుత్వం తీసుకున్నది భూమి హక్కులే, ఇంట్లోని తుపాకీ, కుర్చీ కాదు.

ఆ దొర ఎప్పుడు చనిపోయాడన్నది ఇక్కడ కీలకం. 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక, వీలునామా లేకుండా పోతే స్వార్జితంలో భార్యకూ, తల్లికీ, కొడుకులకూ, కూతుళ్లకూ సమానంగా వాటా ఉంటుంది. తుపాకీ మగవాళ్ల వస్తువనీ, ఆడపిల్లలకు దాంతో పనేమిటనీ మన ఇళ్లల్లో అనేస్తారు. చట్టం అలా అనదు. మేనత్త పిల్లలకు ఆమె వాటా వచ్చి తీరుతుంది. తుపాకీని కోసి పంచలేరు కాబట్టి ఒకరు ఉంచుకుని మిగతావాళ్లకు డబ్బు చెల్లించాలి, లేదా లైసెన్సున్న డీలరు ద్వారా అమ్మి పంచుకోవాలి. ఎవరో ఒకరు ఉంచుకుందామనుకుంటే, 2016 ఆయుధాల నియమాలలో చనిపోయిన లైసెన్సుదారు వారసులకు లైసెన్సిచ్చే దారి ఉంది. దానికి మిగతా వారసుల అభ్యంతరం లేదన్న పత్రాలు కావాలి. అవి సంపాదించేటప్పటి టెన్షన్ కోర్టు కేసుకు ఏమాత్రం తీసిపోదు. పైగా 2019 నుంచి ఒకరికి రెండు తుపాకులే.

ఇన్ని దశాబ్దాల తర్వాత దావా వేయొచ్చా? చాలామంది వేయలేరనుకుంటారు. 1963 కాలపరిమితి చట్టంలో 68వ ఆర్టికల్ పోయిన, దొంగిలించిన, అన్యాయంగా వాడేసుకున్న చరాస్తికి మూడేళ్లిస్తుంది. ఆ మూడేళ్లు వస్తువు పోయిన రోజు నుంచి లెక్కపెట్టరు, అది ఎవరి దగ్గరుందో హక్కుదారుకు మొదట తెలిసిన రోజు నుంచి లెక్కపెడతారు. 70వ ఆర్టికల్ దాచమని ఇచ్చిన వస్తువుకు వర్తిస్తుంది. అక్కడ అడిగితే ఇవ్వనన్న రోజు నుంచి మూడేళ్లు. కాబట్టి వాట్సాప్‌లో ఫోటో చూసి, అది ఎవరి దగ్గరుందో తెలిశాక, ‘చూద్దాంలే’ అని నాలుగేళ్లు కూర్చున్నవాడు, అంతకుముందు దాదాపు అరవయ్యేళ్లు చెక్కుచెదరని హక్కును పోగొట్టుకుంటాడు. గడువు దాటితే దావాయే కాదు, ఆ చట్టం 27వ సెక్షన్ కింద హక్కే పోతుంది.

పోయిన వెంటనే ఫిర్యాదు, జాబితాలో నంబరు ఉంటే పని ఎంత తేలికో చెప్పడానికి అమెరికా ఉదాహరణ ఒకటుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ రివాల్వరును 1990లో న్యూయార్క్ దగ్గర ఆయన ఇంటి మ్యూజియం నుంచి ఎవరో ఎత్తుకుపోయారు. 2006లో అది మ్యూజియానికి తిరిగొచ్చింది. మన దివాణాల దగ్గర అలాంటి జాబితాలు అరుదు. వారసుడు మైనరు కావడం లాంటి కారణాలతో ఎస్టేటు ప్రభుత్వ నిర్వహణలోకి, అంటే కోర్ట్ ఆఫ్ వార్డ్స్ చేతికి వెళ్లిన చోట మాత్రం చరాస్తుల పట్టిక ఉండే అవకాశముంది, వెతకాలి.

ఎక్కడ వెతకాలన్నదే మన జిల్లాల ప్రత్యేకమైన చిక్కు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడకముందు మందస, టెక్కలి, సోంపేట వైపంతా గంజాం జిల్లా. అక్కడి 1930 నాటి లైసెన్సు రిజిస్టరు కోసం శ్రీకాకుళం కలెక్టరేట్‌లో అడిగితే లేదంటారు. ఛత్రపురంలో అడగాలి. బొబ్బిలి 1950 ఆగస్టు దాకా విశాఖపట్నం జిల్లా, తర్వాత 1979 జూన్ 1 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆపైన విజయనగరం. రాజాం మొన్న 2022లో శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారింది. పార్వతీపురం, సాలూరు అదే ఏడాది కొత్త జిల్లాలోకి వెళ్లాయి. ఒకే తుపాకీ లైసెన్సు, దాని రెన్యువల్, దాని మీద ఎఫ్‌ఐఆర్ మూడు కలెక్టరేట్లలో ఉండొచ్చు. ఒక చోట ‘రికార్డు దొరకలేదు’ అని ఇచ్చిన జవాబును ‘లైసెన్సే లేదు’ అని అర్థం చేసుకోకూడదు.

కాగితాలు దొరకకపోతే తుపాకీయే సాక్ష్యం చెబుతుంది. సీమ తుపాకుల మీద తయారీదారు పేరు, నంబరు, గొట్టాన్ని పేల్చి పరీక్షించినట్టు కొట్టే ప్రూఫ్ ముద్రలు ఉంటాయి. గొట్టాల మధ్య పట్టీ మీద మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ లాంటి దుకాణం పేరు ఉందంటే అది ఎక్కడ కొన్నదో తెలుస్తుంది. వెస్ట్లీ రిచర్డ్స్, పర్డీ లాంటి పేరున్న కంపెనీలు పాత అమ్మకాల లెడ్జర్లు దాచుకున్నాయి, నంబరు పంపితే మొదట ఎవరికి అమ్మారో చెప్పే వీలుంది. జంటగా చేసిన తుపాకుల మీద 1, 2 అని అంకెలు చెక్కుతారు. ఒక శాఖ దగ్గర 1 ఉండి, గోడలో దొరికింది 2 అయితే అంతకు మించిన సాక్ష్యం తేవడం కష్టం. ఒక జాగ్రత్త: గొట్టం నంబరు, కింది భాగం నంబరు వేర్వేరుగా ఉంటే ఎప్పుడో గొట్టాలు మార్చారని అర్థం, అప్పుడు ‘ఇదే ఆ తుపాకీ’ అన్నమాటే సందేహంలో పడుతుంది.

పేరుకు తగ్గ చరిత్ర కూడా ఇలాంటి గొలుసుతోనే నిలబడుతుంది. పేరున్న వేటగాడు జిమ్ కార్బెట్ 1907లో చంపావత్ ఆడపులిని కొట్టినందుకు లెఫ్టినెంట్ గవర్నర్ హెవిట్ ఇచ్చిన రిగ్బీ రైఫిల్ మీద ఆ సంగతి చెక్కిన వెండి రేకు ఉంది. కార్బెట్ తర్వాత అది ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌కు చేరింది, 2015లో రిగ్బీ కంపెనీయే తిరిగి కొనుక్కుంది. ప్రతి చెయ్యీ తెలుసు కాబట్టే అది ఫలానా రైఫిల్ అని ఎవరూ సందేహించరు.

తుపాకీ నూరేళ్లు దాటినదై, చారిత్రక ఆసక్తి ఉన్నదని తేలితే 1972 పురావస్తువుల చట్టం కూడా వస్తుంది. విదేశీ వేలానికి పంపడం ప్రైవేటు వ్యక్తులకు కుదరదు. దాంతోపాటు గూట్లో చిరుత చర్మమో గోళ్లో దొరికితే అవి తుపాకీ వెంట వారసులకు వెళ్లవు. వాటికి వన్యప్రాణి చట్టం కింద యాజమాన్య ధ్రువపత్రం విడిగా ఉండాలి.

ఈ వరస ప్రకారం చూస్తే మన ఉదాహరణలో ముందున్నది దివాణం వారసులే, అందరూ కలిపి, ఆడపిల్లల వాటాతో సహా. కానీ షికారీ కుటుంబం చేతిలో ఏమీ లేదనుకోవద్దు. ఇచ్చినప్పుడు చూసినవాళ్లలో ఒక్కరు బతికున్నా ఆలస్యం చేయకుండా వాళ్ల మాట అఫిడవిట్‌గా రాయించాలి. తాత పేరు పాత లైసెన్సులో ఉందేమోనని మూడు కలెక్టరేట్లకూ సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. తుపాకీ ఎవరికీ అప్పగించకముందే మెజిస్ట్రేటు ముందు తమ క్లెయిమ్ పిటిషన్ వేయాలి. కేసు ఓడినా, తుపాకీ చివరికి మ్యూజియానికి వెళితే దాని కింద రాసే పలకలో దొర పేరు పక్కన ఆ షికారీ పేరు ఉండాలని వారసులను అడిగే హక్కు వాళ్లకుంది. వారసులు దానికి ఒప్పుకుని పత్రంలోనే రాసివ్వాలి.